లక్క, నూనె, టేకు: పాత బల్లకు కొత్త పూత

పాత బల్ల కొనదలిస్తే ముందు దాన్ని బోర్లించి చూడాలి. హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లోనో, ఊళ్లో పాత సామాన్ల కొట్లోనో, ఇల్లు మారుతూ సామాను వదిలించుకునేవాళ్ల వరండాలోనో బల్ల కనబడగానే మనం పైన చెయ్యి రాసి, మెరుపు చూసి బేరం మొదలుపెడతాం. ఆ మెరుపంతా పూతది. అడుగున ఎవరూ పాలిష్ పెట్టరు కాబట్టి చెక్క అక్కడ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

పలకల కొసల్లో, అడ్డకోత కనిపించే చోట, కంటికి ఆనేంత రంధ్రాలు వలయాల్లా వరసకట్టి ఉంటే అది టేకు కావడానికి అవకాశం ఎక్కువ. టేకు చెట్టు ఏటా పెరుగుదల మొదలైన కొత్తలో నీళ్లు మోసే పెద్ద గొట్టాలను, కాలం గడిచేకొద్దీ చిన్నవాటిని తయారు చేసుకుంటుంది. ఆ పెద్ద గొట్టాల నోళ్లే మనకు కనిపించే వలయాలు. పాత టేకును కాస్త గీకితే తోలు వాసనను తలపించే ఘాటు వస్తుంది, వేలికి కొంచెం జిడ్డు తగులుతుంది. అలా కాకుండా అంచున పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి టేకు రేకు. దాన్ని గట్టిగా రుద్దితే నిమిషంలో కింది చెక్క బయటపడుతుంది. ఈ అధ్యాయంలో చెప్పబోయే పని అలాంటి బల్లకు పనికిరాదు. అసలు చెక్క ఉన్నదాన్నే వెతకండి. కూలగొట్టిన పెంకుటిళ్ల దూలాలతో, తలుపులతో చేసిన బల్లలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. యాభై అరవై ఏళ్లు ఎండి కుదురుకున్న ఆ చెక్కతో పోలిస్తే నేటి తోటల్లో త్వరగా పెంచి కొట్టిన టేకులో చేవ తక్కువ.

చేవంటే చెట్టు నడుమన ఉండే ముదురు రంగు భాగం. దాని చుట్టూ లేత రంగులో తెల్ల చెక్క ఉంటుంది. బతికున్నంత కాలం చెట్టు ఆ తెల్ల చెక్కలో పిండిపదార్థం దాచుకుంటుంది. పుచ్చు పురుగుకు కావలసింది ఆ పిండే. చేవగా మారేటప్పుడు చెట్టు ఆ పిండిని ఖర్చు చేసి, బదులుగా రకరకాల రసాయనాలు నింపుతుంది. టేకులో అలా చేరేవాటిలో టెక్టోక్వినోన్ ఒకటి, చెదలకు అది గిట్టదు. టేకుకు చెద పట్టదన్న మాట చేవ మటుకే నిజం. అందుకే బల్ల అడుగున లేత రంగు అంచుల్లో గుండుసూది తల పాటి కన్నాలు, వాటి కింద మైదాలాంటి మెత్తటి పొడి ఉన్నాయేమో చూడాలి. పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. అలాంటి బల్ల ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, వంటగదిలో పక్కన చెక్క అలమరా ఉంటే అసలే వద్దు.

కొలతల గురించి ఒక్క మాట. చిన్న వంటగదికి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చాలు. మామూలు బల్ల ఎత్తు రెండున్నర అడుగులు, గట్టు ఎత్తు దాదాపు మూడడుగులు. కాబట్టి బల్ల దగ్గర నిలబడి కూరలు తరిగితే నడుము పట్టేస్తుంది, స్టూలు వేసుకుని కూర్చునే పనికే అది.

ఇక పై పూత సంగతి. పాత బల్ల మీద ఉన్నదేమిటో తెలియకుండా డబ్బా మూత తియ్యకూడదు. దీన్ని తేల్చే పరీక్షకు కాస్త దూది, పెయింట్ల కొట్లో దొరికే స్పిరిట్ చాలు. కాలి వెనకో, పలక అంచు కిందో, నలుగురి కంట పడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదిని అరనిమిషం అదిమి పట్టండి. తీస్తే దూది గోధుమరంగుకు తిరిగి, అంటుకుని లాగినట్టయి, చెక్క మీద వేలిముద్ర పడేంత జిగురు తేలితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించని పూత థిన్నర్‌కు కరిగిందంటే నైట్రోసెల్యులోజ్ లాకర్. రెండింటికీ చెక్కుచెదరలేదంటే నూనె వార్నిషో, మెలమైనో, పాలీయురెథేనో అయ్యుంటుంది. మేస్త్రీల భాషలో పీయూ అనేది ఆ చివరిదాన్నే.

ఈ చిన్న పరీక్ష వెనక పూతలన్నిటినీ రెండుగా చీల్చే రసాయన సూత్రం ఉంది. కొన్ని పూతల్లో అణువుల గొలుసులు పక్కపక్కన పడి ఉంటాయే గానీ ఒకదానికొకటి ముడిపడవు. ద్రావకం తగిలితే విడిపోతాయి, అది ఆవిరైతే మళ్లీ గట్టిపడతాయి. ఇంకొన్నిటిలో ఆరేటప్పుడు గొలుసుకూ గొలుసుకూ మధ్య బంధాలు ఏర్పడి మొత్తం పొర ఒకే వలగా మారిపోతుంది. పేరుకున్న నెయ్యిని ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ పేరుకోనివ్వవచ్చు, ఉడికిన గుడ్డును మాత్రం పచ్చిగుడ్డు చెయ్యలేం. లక్క మొదటి జాతి, పీయూ రెండో జాతి. పూతను మొండిగా చేసే బంధాలే దాన్ని బాగుచెయ్యడానికి వీల్లేకుండా చేస్తాయి. వంటగది బల్లకు ఏది వెయ్యాలన్న ప్రశ్న చివరికి ఇక్కడికే వస్తుంది: దెబ్బ తినని పూత కావాలా, దెబ్బ తిన్నా అతుకు వేసుకోగల పూత కావాలా? రెండూ ఒకే డబ్బాలో దొరకవు, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే.

లక్కను అంత తొందరగా దాటిపోవడం నాకిష్టం లేదు. వారణావతంలో పాండవుల కోసం కట్టించిన లక్కఇల్లు మనందరికీ తెలుసు గానీ లక్కను చేసే పురుగును చూసినవాళ్లు తక్కువ. కెరియా లక్కా అనే ఈ పురుగు మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల లేత కొమ్మల మీద వాలి, ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. ఒకసారి స్థిరపడ్డాక ఆడపురుగు ఇక కదలదు. తన చుట్టూ బంక స్రవించుకుని ఆ గూటిలోనే గుడ్లు పెట్టి చనిపోతుంది. కొమ్మ పొడవునా పేరుకున్న ఆ పెచ్చును గీకి, నలగ్గొట్టి, కడిగితే ఎర్రరంగు విడిపోయి గింజలక్క మిగులుతుంది. దాన్ని కరిగించి పల్చగా సాగదీసి విరిస్తే షెల్లాక్ రేకులు. నేటికీ మన దేశంలో దీనికి జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులే పెద్ద ఆధారం. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధనకు ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారంటే అప్పట్లో దీని గిరాకీ ఎంతటిదో ఊహించుకోవచ్చు. వినైల్ రాకముందు గ్రామఫోను రికార్డులు చేసింది లక్కతోనే. ఇప్పటికీ మాత్రల మీద, కొన్ని మిఠాయిల మీద మెరిసే పొర అదే. తిన్నా హాని చెయ్యని పాలిష్‌లు ఎన్నో లేవు.

లక్క వేడికి మెత్తబడుతుందన్న గుణాన్నే పనిముట్టుగా మలుచుకున్నవాళ్లు ఏటికొప్పాక బొమ్మల కళాకారులు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. బ్రష్షు లేదు, ద్రావకం లేదు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన బల్ల మీద పాలిష్ మేస్త్రి స్పిరిట్‌లో కరిగించి దూది గుడ్డతో పొర మీద పొరగా రుద్దినదీ ఆ లక్కే, దారి వేరు.

వేడికి మెత్తబడటం బొమ్మకు వరమైతే వంటగదికి శాపం. లక్క 80 డిగ్రీలు చేరకముందే మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించిన సాంబారు గిన్నె అంతకంటే వేడిగా ఉంటుంది. పైగా లక్క ఆమ్ల స్వభావం గలది కాబట్టి క్షారాలకు కరుగుతుంది. బట్టల సోడా కలిపిన నీళ్లతో రోజూ తుడిస్తే నెలల్లో మెరుపు ఊడిపోతుంది. ఈ లోపాలు, అడవి నుంచి వచ్చే సరుకు కావడంతో ధరలో ఒడిదుడుకులు, ఇవన్నీ కలిసి లక్కకు బదులు వెతికేలా చేశాయి. విద్యుత్ తీగల చుట్టలకు పూసే లక్కకు ప్రత్యామ్నాయం వెతుకుతూ లియో బేక్‌లాండ్ అనే బెల్జియం రసాయనవేత్త అమెరికాలో 1907లో చేరుకున్న గమ్యమే బేకలైట్, పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్. కొన్నేళ్లకే ఆ జాతి రెజిన్‌లో కాగితాలను తడిపి, పొరలుగా పేర్చి, వేడి మీద అదిమితే గట్టి పలకలు వస్తాయని హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ అనే ఇంజనీర్లు తేల్చారు. వాళ్లకు కావలసింది కరెంటు యంత్రాల్లో అభ్రకం బదులు వాడే పలక, మన గూడూరు గనుల్లో తవ్వే అభ్రకమే. ఆ పలకల పై పొరకు తర్వాత మెలమైన్ రెజిన్ చేర్చి రంగులు, చెక్క నమూనాలు అచ్చువేశారు. మనం సన్‌మైకా అని పిలుచుకునేది దాని సంతతే. ఎవరింట్లోనైనా పాత టేకు బల్ల మీద సన్‌మైకా అతికించి ఉంటే, లక్క మీద లక్కకు వచ్చిన బదులు కూర్చుందన్నమాట. అలాంటి బల్ల దొరికితే వదలకండి. సన్‌మైకా కింద చెక్క చాలాసార్లు గీత పడకుండా ఉంటుంది, జిగురు గీకే ఓపిక ఉంటే చాలు.

పాత బల్ల మీద మరకలను చూసి బేరం తగ్గించమని అడగవచ్చు గానీ భయపడనక్కర్లేదు. వాటిలో రంగును బట్టి లోతు తెలుస్తుంది. తెల్లటి వలయం వేడి గిన్నె గుర్తు. వేడికి మెత్తబడిన పొరలోకి ఆవిరి చొరబడి అతి సూక్ష్మమైన ఖాళీలు చేస్తుంది. వెలుతురు వాటి అంచుల దగ్గర చెదిరి తెల్లగా కనబడుతుంది. చెక్కకు ఏమీ కాలేదు, మచ్చ పూతలోనే ఉంది. లక్క మీదైతే స్పిరిట్ రెండు చుక్కలు తగిలించిన మెత్తటి గుడ్డతో పైపైన, ఆగకుండా తుడిస్తే పొర కరిగి ఖాళీలు మూసుకుంటాయి. గుడ్డను ఒక్క క్షణం ఆపితే అక్కడే అతుక్కుంటుంది.

నల్లటి వలయం సంగతి వేరు. అది చెక్కలోదే. తడి ఇనప పెనమో, తుప్పు పట్టిన డబ్బా అడుగో రాత్రంతా ఉండిపోయిన చోట ఇనుము నీటిలో కరిగి చెక్కలోని టానిన్లతో కలుస్తుంది. పుట్టేది సిరా. మాట వరసకు కాదు, పూర్వం రాతకు వాడిన నల్ల సిరా ఈ రసాయనమే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతలు పుట్టేదీ ఇలాగే: గుడ్డకు ముందుగా కరక్కాయ టానిన్ పట్టిస్తారు, తర్వాత బెల్లం నీళ్లలో ఇనుమును పులియబెట్టిన ద్రవంతో కలం గీస్తారు, గీసిన చోటల్లా నలుపు తిరుగుతుంది. బల్ల మీద మాత్రం ఆ కళ మనకు అక్కర్లేదు. దీనికి విరుగుడు ఆక్జాలిక్ ఆమ్లం, పాలకూరలో కొద్దిగా ఉండేదే. కొట్లో తెల్లటి పలుకులుగా అమ్ముతారు. లీటరు గోరువెచ్చటి నీళ్లలో నాలుగైదు చెంచాలు కరిగించి, పాత పూత అంతా తీసేశాక, మచ్చ ఒక్కచోటే కాకుండా పలక మొత్తానికీ పట్టించాలి. లేకపోతే అక్కడొక లేత రంగు మచ్చ కొత్తగా తేలుతుంది. కాసేపటికి అంచుల నుంచి నలుపు బూడిదరంగుకు, అక్కడినుంచి చెక్క రంగుకు మళ్లుతుంది. ఆమ్లం ఇనుమును పట్టుకుని టానిన్ నుంచి విడదీస్తోంది. తర్వాత రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడగాలి. ఈ పలుకులు విషం, ఆరినప్పుడు ఆ దుమ్ము ముక్కుకెక్కకూడదు. వంటసామాన్ల పక్కన, ఉప్పు డబ్బాను పోలిన డబ్బాలో అస్సలు పెట్టకూడదు.

పూత తియ్యడంలో చవకైన దారి ఓపిక. లక్కను స్పిరిట్‌తో తడిపి గీకుడు రేకుతో తోసెయ్యవచ్చు. మొండి పూతలకు కొట్లో పెయింట్ రిమూవర్ ఇస్తారు, వాటిలో కొన్నింటి మూలపదార్థం డైక్లోరోమీథేన్. దాని ఆవిరి ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అంటే మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నప్పుడు ప్రాణం తీసే వాయువే. చిన్న వంటగదిలో దాని మూత కూడా తియ్యకండి, డాబా మీద తియ్యండి. బల్లకు పాత ఎనామిల్ రంగు ఉంటే ఇంకో చిక్కు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందువాటిలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం దండిగా ఉండవచ్చు. అలాంటిదాన్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము పాకే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి చేరుతుంది. తడిపి రుద్దాలి, తడి బురదను కాగితాల్లో తుడిచి పారెయ్యాలి. ఇంట్లో పసిపిల్లలుంటే రంగు వేసిన బల్ల కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

చెక్క బయటపడ్డాక ఉప్పుకాగితం పని. ఎమరీ పేపర్ వెనక ఉండే నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. 80 నంబరు రేణువు సుమారు 200 మైక్రాన్లు, 220ది 70 మైక్రాన్ల లోపు. 80తో మొదలుపెట్టి 120, 180, 220 వరుసలో వెళ్లాలనడం చాదస్తం కాదు. ప్రతి కాగితం పని ముందు కాగితం గీసిన గీతల లోతు దాకా చెక్కను దించడం. 80 నుంచి ఒక్కసారిగా 220కి దూకితే ఆ చిన్న రేణువులకు లోతైన గీతల అడుగు అందదు. పూత వేసేదాకా అవి కనబడవు, వేశాక దాక్కోవు. రుద్దడం ఎప్పుడూ నార వెంటే. అడ్డంగా రుద్దితే నారలు తెగి రేగుతాయి. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి కాగితాలు, ఉలి పదును రెండూ తొందరగా అరుగుతాయి, నాలుగు కాగితాలు ఎక్కువే కొనండి. మాస్కు తప్పనిసరి: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. టేకు పొడికి కొందరికి ఒళ్లంతా దురద కూడా వస్తుంది.

పూత వెయ్యబోయే ముందు పై పలక కాళ్ల చట్రానికి ఎలా బిగించి ఉందో చూడాలి. చాలా బల్లలు పగిలేది ఇక్కడే. చెక్క కొట్టేశాక కూడా ఊరకుండదు. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు చెక్క గోడల్లోని సెల్యులోజ్ గొలుసుల మధ్య దూరి వాటిని పక్కలకు నెడతాయి. గొలుసులు దాదాపు నార వెంటే పరుచుకుని ఉంటాయి గనుక పలక పొడవు మారదు, వెడల్పు మారుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉండే వేసవిలో చెక్కలో నీరు 6 శాతం దగ్గరికి దిగుతుంది. 75, 80 శాతం తేమ ఉండే వానాకాలంలో 14, 15కు ఎక్కుతుంది. రెండడుగుల వెడల్పు టేకు పలక ఈ రెండు కాలాల మధ్య, కోసిన తీరును బట్టి, నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా సాగి ముడుచుకుంటుంది. చాలా చెక్కలతో పోలిస్తే ఇది తక్కువే, టేకుకు పేరు వచ్చింది ఈ కుదురుతనం వల్లే. అయినా నాలుగు మిల్లీమీటర్లను నాలుగు మరలతో ఆపాలనుకుంటే పలక నడుమన చీలుతుంది. పాతకాలపు వడ్రంగులు చట్రం లోపలి వైపు గాడి తీసి, పలకకు బిగించిన చిన్న చెక్క పట్టీల నాలుకలు ఆ గాడిలో జారేలా చేసేవారు. ఎవరైనా వాటిని పీకి మేకులు కొట్టి ఉంటే ఆ మేకులు తీసి పట్టీలు మళ్లీ పెట్టించండి. ఫెవికాల్‌తో పలకను చట్రానికి అతికించడం మరీ పెద్ద తప్పు. జిగురు గట్టిదైతే చెక్క చీలుతుంది.

పూత వేస్తే ఈ కదలిక ఆగిపోతుందని చాలామంది నమ్మకం. ఆగదు, నెమ్మదిస్తుంది. అమెరికాలో మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ రకరకాల పూతలను తేమగాలిలో పెట్టి పరీక్షించింది. నీటి ఆవిరిని పూర్తిగా ఆపినది ఒక్కటీ లేదు. లక్క మెరుగ్గా ఆపింది, అవిసె నూనె దాదాపు ఆపనే లేదు. ఈ కారణంగానే పైన మాత్రం పూసి అడుగు వదిలేస్తే పలక ఒకవైపు తొందరగా, ఒకవైపు ఆలస్యంగా తేమ తాగి దోనెలా వంగుతుంది. అడుగుకూ అన్ని పూతలూ పడాలి. కాళ్ల అడుగులకు మరీ ముఖ్యం. నీళ్లు మోసే గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉండేది అక్కడే, కాబట్టి నారకు అడ్డంగా కంటే అక్కడ నీరు పదింతలకు మించి వేగంగా ఎక్కుతుంది. రోజూ తడిగుడ్డ పెట్టే మన వంటగదుల్లో బల్ల కాళ్లు అడుగు నుంచే కుళ్లుతాయి. లక్కను చిక్కగా కలిపి తాగినంత తాగించి, ఆరాక మళ్లీ తాగించి, కింద రబ్బరు బిళ్లలు కొట్టాలి.

ఇక పై పలకకు ఏమి? ముందు కొబ్బరినూనె సంగతి. చెక్క మెరవడానికి వంటనూనె రాసేవాళ్లున్నారు. వారం బాగుంటుంది, తర్వాత జిడ్డు, ఆపై కంపు. అవిసె నూనె అలా కాదు, ఆరి గట్టి పొర అవుతుంది. తేడా కొవ్వు ఆమ్లాల్లో ఉంది. అవిసె నూనెలో దాదాపు సగం లినోలెనిక్ ఆమ్లం, దాని గొలుసులో మూడు చోట్ల జంట బంధాలు. గాలిలోని ఆక్సిజన్ అక్కడ పట్టుకుని గొలుసునూ గొలుసునూ ముడివేస్తుంది. అందుకే ఈ నూనె ఆరేకొద్దీ బరువు తగ్గదు, పెరుగుతుంది. కొబ్బరినూనెలో జంట బంధాలు దాదాపు లేవు కాబట్టి ఎన్నాళ్లున్నా ఆరదు. పొద్దుతిరుగుడు నూనె మధ్యరకం: పొయ్యి పక్క గోడ మీద, నూనె డబ్బా మూతి చుట్టూ గోటికి కూడా రాని జిగట బంక పేరుకుంటుంది చూడండి, అది సగం ఆరిన ఆ నూనే. ఇనప పెనాన్ని నూనె రాసి కాల్చి పదును పట్టించడంలోనూ ఇదే రసాయన చర్య, వేడి వల్ల వేగంగా జరుగుతుంది.

నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పలక మీద పల్చగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అదే నూనె గుడ్డలో నానిపోయి, గుడ్డ ఉండగా చుట్టి మూలన పడేస్తే వేడి బయటకు పోలేదు. వేడెక్కినకొద్దీ చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తున మంట లేచింది. చెక్క పలకలకు పాలిష్ పెట్టిన పనివాళ్లు వదిలివెళ్లిన అవిసె నూనె గుడ్డలే మూలం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఎనిమిది అంతస్తులు ఎగబాకిన మంట 30వ అంతస్తులో నీటి స్ప్రింక్లర్లు తెరుచుకున్నాకే ఆగింది. కాబట్టి గుడ్డలను తీగ మీద విప్పి ఆరెయ్యండి, లేదా బకెట్ నీళ్లలో ముంచి ఉంచండి. రాత్రికి గ్యాస్ సిలిండర్ ఉన్న గదిలో మాత్రం ఉంచకండి.

పాలిష్ మేస్త్రిని అడిగితే పీయూ వేయించుకోమంటాడు. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ బృందం కనిపెట్టిన రసాయనం ఇది. రెండు డబ్బాలు కలిపిన క్షణం నుంచి అణువులు వల అల్లుకోవడం మొదలుపెడతాయి. ఆరాక స్పిరిట్‌కు, సబ్బుకు, సాంబారు గిన్నెకు బెదరదు. స్ప్రే చేసేటప్పుడు లేచే ఐసోసయనేట్ల తుంపరకు ఉబ్బసం రాగలదు కాబట్టి ఆ పని ఇంట్లో వద్దు. టేకు నూనెలు కొన్ని పూతలను సరిగా ఆరనివ్వవు గనుక ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి, కొందరు మధ్యలో మైనం తీసిన లక్కను ఒక పొర వేస్తారు. ఇంతచేసీ ఎప్పుడో రోకలి జారి పడితే ఆ పొర పెచ్చుగా లేస్తుంది. అప్పుడు ఆ మచ్చ ఒక్కటీ బాగుచెయ్యడం కుదరదు. కొత్త పీయూ పాత పీయూలో కరగదు, పక్కన కూర్చుంటుంది అంతే, అతుకు గీత కనబడుతూనే ఉంటుంది. పలక అంతా మళ్లీ చెక్క దాకా రుద్దాల్సిందే.

నా ఓటు కాళ్లకూ చట్రానికీ లక్క, పై పలకకు పైనా కిందా అవిసె నూనె. పెయింట్ల కొట్లో డబుల్ బాయిల్డ్ అని ఇచ్చేది తొందరగా ఆరుతుంది, అందులో లోహ లవణాలు కలిపి ఉంటాయి గనుక పూర్తిగా ఆరేదాకా దాని మీద తిండి పెట్టకూడదు. నూనెను గుడ్డతో పట్టించి, పావుగంట తాగనిచ్చి, మిగిలినదంతా తుడిచెయ్యాలి. తుడవకుండా వదిలితే పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. రెండేసి రోజుల ఎడంతో నాలుగైదు పూతలు పడ్డాక, వాసన పూర్తిగా పోయేదాకా నెలరోజులు ఆగాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

ఈ పూత తెల్లటి వలయాలకు చోటివ్వదు, ఎందుకంటే పైన మందంగా పొరేమీ లేదు. కానీ పసుపు పట్టుకుంటుంది. పసుపులోని కుర్కుమిన్ నూనెలో కరిగే రంగు, నూనె పూతలోకి సులువుగా దిగుతుంది. సబ్బు నీళ్లు పోసి రుద్దితే క్షారం తగిలి ఎర్రబడి మన గుండె ఆగిపోతుంది, తుడిచి ఆరనిస్తే మళ్లీ పసుపే. అదృష్టవశాత్తూ ఆ అణువు వెలుతురుకు నిలవదు. బల్లను జరిపి ఎండ పడే కిటికీ పక్కన రెండు మూడు మధ్యాహ్నాలు పెడితే వెలిసిపోతుంది. ఎండ చొరని వంటగదైతే 220 కాగితం మీద రెండు చుక్కల అవిసె నూనె వేసి, నార వెంట ఆ మేరకే రుద్ది, తుడిచి వదిలెయ్యండి. మర్నాటికి చుట్టూ ఉన్న చెక్కలో కలిసిపోతుంది. పని పది నిమిషాలు, గుడ్డ మాత్రం తీగ మీదికే.